రెండు సభ్యత్వ పత్రాలు

ఈ రోజు స్టాండ్‌బై, అంటే పిలుపు వస్తే విమానం ఎక్కడానికి సిద్ధంగా ఉండాలి. పొద్దుటి నుంచి సిబ్బంది గదిలోనే ఉన్నాను. విమానానికి పిలుపు రాలేదు కానీ చేతికి రెండు పోటీ పైలట్ల సంఘాల సభ్యత్వ పత్రాలు వచ్చాయి. వీటిలో ఏది మా అందరి తరఫున మాట్లాడాలో ఓటింగులో తేలాలి. ఒకటి మా పాత కంపెనీ సీనియర్ కెప్టెన్ ఇచ్చారు. రెండోది, విలీనంలో మాతో కలిసిన కంపెనీ కెప్టెన్ ఇచ్చాడు. నాకంటే మూడేళ్లు ఆలస్యంగా ఉద్యోగంలో చేరినా, నాకంటే ముందే కమాండ్ అందుకుని కెప్టెన్ అయినవాడు. నేనింకా కో-పైలట్‌నే.

రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చదివాను. విశ్రాంతి గంటలు, వరుస రాత్రి డ్యూటీలు, వైద్యపరీక్షలో లైసెన్సు పోతే అందాల్సిన బీమా: ఇంచుమించు అవే మాటలు. తేడా అంతా వెనకవైపు నాలుగు పంక్తుల్లోనే ఉంది. సీనియారిటీని చేరిన తేదీ ప్రకారం లెక్కించాలని మావాళ్లు, రెండు కంపెనీల సీనియారిటీ జాబితాలనూ, ఎవరి జాబితాలో వారి స్థానాన్ని బట్టి, నిష్పత్తి ప్రకారం కలపాలని వాళ్లు.

పైలట్‌కు ఆ జాబితాలో తన నంబరే బతుకు. కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు ఎప్పుడు దక్కుతుందో, ఏ విమానం నడపాలో, కోతలు పడితే ముందు ఎవరు ఇంటికి పోవాలో అదే తేలుస్తుంది. కోపం వచ్చి కంపెనీ మారదామన్నా, చాలాచోట్ల మళ్లీ అడుగు నుంచే మొదలుపెట్టాలి. గుర్తింపు పొందిన సంఘం తనకు ఓటు వేయనివారి తరఫున కూడా యాజమాన్యంతో ఒప్పందంపై సంతకం చేస్తుంది. నాకు భయం అక్కడే.

అమెరికా విమాన సంస్థ యూఎస్ ఎయిర్‌వేస్ సంగతి గుర్తుకొచ్చింది. 2005లో అమెరికా వెస్ట్ అనే మరో సంస్థతో విలీనమయ్యాక జాబితా తగవు మధ్యవర్తి జార్జ్ నికొలావ్ దగ్గరికి వెళ్లింది. 2007లో వచ్చిన తీర్పుతో, పదహారేళ్ల సర్వీసు ఉన్న తూర్పు వర్గం (పాత యూఎస్ ఎయిర్‌వేస్) పైలట్ కొద్ది నెలల క్రితం పశ్చిమ వర్గంలో (అమెరికా వెస్ట్) చేరినవాడి పక్కన నిలబడాల్సి వచ్చింది. సంఖ్యాబలమున్న తూర్పు వర్గం యూఎస్ఏపీఏ అనే కొత్త సంఘం పెట్టుకుని, 2008 ఓటింగులో పాత సంఘం ఆల్పాను ఓడించింది. గెలిచి ఏం లాభం? ఒకే పేరున్న విమానాలు నడుపుతూ రెండు వర్గాలూ ఏళ్ల తరబడి వేర్వేరు ఒప్పందాలతో, వేర్వేరు జీతాలతో పనిచేశాయి. ఎయిరిండియాలోనూ అంతే. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో 2007 విలీనం తరువాత కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఎవరికన్న తగవు ముదిరి, 2012లో ఒక సంఘం 58 రోజులు సమ్మె చేసింది. యాజమాన్యం ఆ సంఘం గుర్తింపునే రద్దు చేసింది.

సాయంత్రం ఇద్దరినీ విడివిడిగా ఒకే మాట అడిగాను. జాబితాను మధ్యవర్తికి అప్పగించి, తీర్పు నచ్చకపోయినా కట్టుబడి ఉంటామని ఓటింగుకు ముందే రాసిస్తారా?

"ముందు గెలవనివ్వు" అన్నారు మా కెప్టెన్.

రెండో ఆయన చేతిలోని టోపీని తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. "మావాళ్లను అడుగుతాను. కానీ నీ నంబరు కిందికి పోవచ్చు, తెలుసా?"

తెలుసు. చేరిన తేదీ లెక్కయితే నేను అతన్ని దాటి పైకి వెళ్తాను. పోయిన వారం అడ్డగాలిలో అతని పక్కన కూర్చుని విమానం దించినవాణ్ని. ఆ లెక్క ఈ రోజు నాకు సంతోషం ఇవ్వలేదు.

స్టాండ్‌బై ముగిసే వేళకు రెండు పత్రాల్లోనూ పేరు, ఉద్యోగి సంఖ్య నింపాను. సంతకం అతని జవాబు వచ్చాకే.