మా అమ్మాయికి డిప్రెషన్ మందులు మొదలుపెట్టాలా వద్దా: మేం తేల్చుకున్న తీరు

పాపకి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చి ఇక వెళ్లనంది. బెంగ పెట్టుకుందేమో అనుకున్నాం. జడ వేసుకోవడం మానేసింది, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేది, ఎంతో ఇష్టంగా తినే పునుగులు తెస్తే పొట్లం విప్పకుండానే చల్లారిపోయేవి. మా అత్తగారు దిష్టి తీశారు. నేనైతే బద్ధకమని ఒకరోజు గట్టిగా అరిచేశాను కూడా.

గుంటూరులో సైకియాట్రిస్టుకి చూపిస్తే ముందు థైరాయిడ్, రక్త పరీక్షలు రాశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇది డిప్రెషన్, వెంటనే మందులొద్దు, వారం వారం కౌన్సెలింగ్‌కి తీసుకురండి అన్నారు. ఆరు వారాలు తిరిగాం. మాటలు కాస్త పెరిగాయి గానీ నిద్ర, తిండి దారికి రాలేదు. ఒకరోజు కౌన్సెలర్‌తో "పొద్దున లేవకపోతే బాగుండు" అందట. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న మాత్రలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాం, పొలం మందు డబ్బాలు ఊళ్లో మా బావగారింటికి పంపేశాం. డాక్టరుగారు ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందు 10 మిల్లీగ్రాములతో మొదలుపెడదామన్నారు.

మా ఆయన రాత్రంతా ఫోన్లో చదివి కూర్చున్నారు. పిల్లల్లో ఈ మందులు ఆత్మహత్య ఆలోచనలు పెంచవచ్చని అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో హెచ్చరిక పెట్టించిందట. మర్నాడు పొద్దున్నే ఇద్దరం డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన విసుక్కోకుండా చెప్పారు: నిజమే, ఈ మందుల్ని పిల్లల మీద పరీక్షించినప్పుడు మందు వాడిన వందమందిలో నలుగురికి, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్న వందమందిలో ఇద్దరికి అలాంటి ఆలోచనలో ప్రయత్నమో కనిపించాయి, ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు, అందుకే మొదటి వారాల్లో కంటికి రెప్పలా చూసుకోవాలి. అదే ఏడాది అమెరికాలో డిప్రెషన్ ఉన్న 439 మంది టీనేజ్ పిల్లల మీద వచ్చిన ఇంకో అధ్యయనం సంగతీ చెప్పారు. పన్నెండు వారాలకి మందు, కౌన్సెలింగ్ రెండూ కలిపితే 71 శాతం మంది మెరుగుపడ్డారట, ఒక్క మందుతో 61, ఒక్క కౌన్సెలింగ్‌తో 43, ఉత్తి మాత్రతో 35. "అయితే ఆ ఉత్తి మాత్రే రాయండి సార్" అన్నారు మా ఆయన, సీరియస్‌గానే! డాక్టరుగారు నవ్వేశారు.

మా రెండు వైపులా ఎవరికైనా నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, విపరీతమైన హుషారుతో డబ్బు తగలేసిన రోజులు ఉన్నాయా అని కూడా అడిగారు. బైపోలార్, అంటే అలాంటి హుషారూ దిగులూ మారిమారి వచ్చే జబ్బు ఉంటే ఈ మందు బెడిసికొట్టొచ్చట. లేవన్నాం. అంతసేపూ నోరు విప్పని పాప అప్పుడు అడిగింది, "లావైపోతానా?" అని. దీనితో మామూలుగా అలా ఉండదు, మొదట్లో ఆకలే తగ్గొచ్చు అన్నారు. "సరే వేసుకుంటా" అంది. మేం ఇన్నాళ్లూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని దాని గురించి మాలో మేమే మాట్లాడుకున్నామని నాకు అప్పుడు తట్టింది.

మొదటి వారం వికారం, తలనొప్పి. నేను దాని గదిలోనే పడుకున్నాను. చిరాకు గానీ, కుదురు లేకపోవడం గానీ కనిపిస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు, ఒకసారి చేశాను కూడా. నాలుగు వారాలు ఏమీ తెలియలేదు. ఐదో వారంలో ఆరింటిదాకా నిద్రపోయింది.

కౌన్సెలింగ్ ఇంకా నడుస్తోంది. తేరుకున్నాక కూడా కొన్ని నెలలు వాడాలని, ఆపినా కొద్దికొద్దిగా తగ్గించాలే తప్ప సొంతంగా మానకూడదని డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు, మా ఆయన ఎప్పుడు ఆపేద్దామని అడుగుతూనే ఉన్నారు. మొన్న ఆయన నోరు తెరిచేలోపే పాప అంది, "నాన్నా, మళ్లీ అదేనా?"