కారు మీద సన్న గీతలు: గోరుకి తగిలితే ఆగండి, తగలకపోతే మొదలుపెట్టండి

ముదురు రంగు కారున్నోళ్లకి ఒక జబ్బు ఉంటుంది. పెట్రోలు బంకులో లైటు కింద ఆగినా, రాత్రిపూట మన తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినా కళ్ళు రోడ్డు మీద ఉండవు, బానెట్ మీదే ఉంటాయి, లైటు చుట్టూ గుండ్రంగా సన్నసన్న గీతలు కనిపిస్తాయే వాటినే చూసుకుంటా కూర్చుంటాం. నాది ముదురు నీలం. మా బావది తెలుపు, ఆయనకి ఈ బాధ లేదు, నిజం చెప్పాలంటే ఆయన కారుకి నాకంటే ఎక్కువ గీతలుండాయి గానీ తెలుపు మీద కనపడవు అంతే.

ఇంకో తమాషా ఏందంటే ఆ గీతలు నిజంగా గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా పోయుంటాయి, వాటిల్లో లైటుకి అడ్డంగా పడినవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి చుట్టూ చుట్టినట్టు అనిపిస్తుంది. ఫోన్ టార్చ్ వేసి పక్కకి జరపండి, ఆ వలయం కూడా దాంతోపాటే జరుగుతుంది.

ఇవి ఎట్లా వస్తాయి అంటే తొంభై పాళ్ళు మనమే పెడతాం. మన ఊళ్ళో కొత్త కారు అంటే షోరూం నుంచి నేరుగా ఇంటికి రాదు కదా, అలిపిరి పాదాల మండపం దగ్గరికో కాణిపాకానికో పోతుంది, అక్కడ చందనం, కుంకం, పసుపు, బానెట్ మీద వేలితో స్వస్తిక్, చక్రాల కింద నిమ్మకాయలు, ముందర పూలదండ. పూజ చెయ్యద్దని నేననను, నేనూ కాణిపాకంలోనే చేయించినా. కాకపోతే ఇంటికొచ్చినాక ఎండిపోయిన ఆ చందనాన్ని ఎవరో ఒకరు పొడి గుడ్డ తీసుకుని బరబరా రుద్దేస్తారు చూడండి, కొత్త కారుకి మొదటి గీతలు అక్కడే పడతాయి. పూలదండ కూడా అంతే, దాన్ని బానెట్ మీద కట్టుకుని ఊరంతా తిరిగితే గాలికి ఊగి ఊగి ఆ దారమూ మధ్యలో జరీ ముక్కలూ దుమ్ముతో కలిసి పెయింట్ మీద రాసుకుంటా ఉంటాయి. కాబట్టి పూజ అయినాక దండ తీసేసి లోపల పెట్టుకోండి, బొట్లు ఆరకముందే నీళ్లు పోసి నానబెట్టి కడగండి, రుద్దద్దు. పసుపు మరక తెలుపు మీద పట్టేస్తే మాత్రం కంగారుపడి గీకద్దు, కడిగేసి ఎండలో వదిలేయండి, రోజులు గడిచేకొద్దీ ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది. ఆయుధపూజకి కూడా ఇదే కథ.

సరే అసలు విషయానికొస్తా. కంపెనీ పెయింట్ అంటే ఒక్క పొర కాదు. ఇనప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగే లేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా సుమారుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో పైన క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు ఉంటే గొప్ప, అంటే మన తల వెంట్రుక మందం కూడా లేదు. సన్న గీతలన్నీ ఈ పై పొరలోనే ఉంటాయి. మరి పాలిష్ పెడితే గీత ఎట్లా పోతుంది? చానామంది అనుకునేది ఏందంటే పాలిష్ పోయి గీతలో కూర్చుని దాన్ని పూడుస్తుందని. కాదబ్బా. గీత చుట్టూ ఉండే పెయింట్‌ని సన్నగా అరగదీసి గీత అడుగుదాకా దించడమే పాలిష్ అంటే, లేకపోతే గీత అంచులు రవ్వంత మొండిగా చేసి వెలుతురు అక్కడ చెదరకుండా చెయ్యడం. క్లియర్ కోట్ అనేది పెద్దోళ్ళు వేసిపెట్టిపోయిన డిపాజిట్ లాంటిది, తీసుకోవడమే గానీ మళ్ళీ వేసేది లేదు. ఈ ఒక్క ముక్క బుర్రలో ఉంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది, ఎంతవరకు రుద్దాలి, యాడ ఆగాలి అనేది.

అందుకే ముందు పరీక్ష. కడిగి తుడిచినాక గోరుని గీతకి అడ్డంగా నిమ్మళంగా లాగండి. ఎక్కడా తగులుకోకుండా జారిపోతే పైపైన గీత, ఇంట్లోనే తగ్గుతుంది. టక్కుమని తగిలితే అది క్లియర్ కోట్ దాటిపోయుండొచ్చు, ఎంత రుద్దినా పోదు, పోవాలంటే చుట్టూ అంత లోతుకి అరగదీయాలి, అంత పొర మన దగ్గర లేదు. రెండోది నీళ్ల పరీక్ష, గీత మీద రెండు చుక్కలు నీళ్లు పూస్తే మాయమైతే క్లియర్ కోట్‌లోనే ఉండాదని అర్థం, తడిలో కూడా తెల్లగా కనిపిస్తా ఉంటే ప్రైమర్ దాకా పోయింది. కొండ మీద పార్కింగ్‌లో కోతులు బానెట్టెక్కి జారుడుబండ ఆడుకున్న గీతలు మాత్రం కలగలుపుగా ఉంటాయి, సగం పోతాయి, సగం ఉంటాయి.

ఇంకో రకం ఉంటుంది, చూస్తే పెద్ద గీత మాదిరి భయపెడుతుంది గానీ గీతే కాదు. ఆటోవాడు రాసుకుంటా పోయినప్పుడు వాడి పసుపు రంగు మన డోరుకి అంటుకుంటుంది, గేటు రంగు, గోడ సున్నం కూడా అంతే. అది మన పెయింట్ మీద పైన కూర్చున్న వేరే వాళ్ళ పెయింట్. రబ్బింగ్ కాంపౌండ్, అంటే గరుకు ఎక్కువుండే పాలిష్, రవ్వంత పెట్టి రుద్దితే రెండు నిమిషాల్లో పోతుంది, కింద చూస్తే మనది బాగానే ఉంటుంది. టింకరింగ్ షాపుకి పోకముందు ఇది ఒకసారి చూసుకోండి. థిన్నర్ మాత్రం ముట్టుకోవద్దు, ముఖ్యంగా ఆ ప్యానెల్‌కి అంతకుముందు బయట పెయింట్ వేయించి ఉంటే థిన్నర్‌కి అది మెత్తబడి లేచిపోతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. రబ్బింగ్ కాంపౌండ్ చిన్న ట్యూబు, ఫినిషింగ్ పాలిష్, వాక్స్, చేత్తో పట్టుకునే ఫోమ్ ముక్కలు, మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు, పెయింటర్లు వాడే కాగితం టేపు. స్పేర్ పార్ట్స్ షాపుల్లో 3ఎం వాళ్ళ కాంపౌండ్ ఎప్పుడూ దొరుకుతుంది. ఎండలో చెయ్యద్దు, ఇది మన జిల్లా వాళ్ళకి రెండుసార్లు చెప్పాలి, మే నెలలో పొద్దున తొమ్మిదికే బానెట్ మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి కాంపౌండ్ పెట్టీపెట్టగానే ఎండిపోయి పొడిగా గీరుకుంటుంది, గీతలు తీయబోయి కొత్తవి పెట్టుకున్నట్టు అవుతుంది. తెల్లారుజామునో, నీడలోనో, చెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడే.

కడగడం రెండు బకెట్లతో, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు, ప్రతిసారీ స్పాంజ్‌ని ఉత్త నీళ్లలో జాడించి అప్పుడే షాంపూలో ముంచాలి, లేకపోతే కింద డోరు దగ్గరి ఇసక తెచ్చి బానెట్‌కి రుద్దుతా ఉంటాం. గిన్నెలు తోమే సోపు అలవాటు చేసుకోవద్దు, ఉన్న వాక్స్ మొత్తం ఎత్తుకుపోతుంది. మన బోరు నీళ్లు తెలిసిందే, కుర్చీ మీద పడి ఆరినా తెల్ల మచ్చ పడుతుంది, కాబట్టి కడిగి వదిలేయకుండా వెంటనే తుడిచేయండి. ఆరినాక చేతికి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద నిమరండి, గరుగ్గా తగిలితే మురికి ఇంకా అతుక్కునే ఉంది, దానికి క్లే బార్, అంటే మురికిని లాగేసే మెత్తటి ముద్ద వాడాలి, బాగా జారే షాంపూ నీళ్లు పోసుకుంటా. ఆ గరుకు తీయకుండా పాలిష్ మొదలుపెడితే ఆ మట్టినే రుద్దినట్టు.

తర్వాత ప్యానెల్ అంచులకీ, నల్ల ప్లాస్టిక్ బీడింగులకీ టేపు వెయ్యండి. అంచుల దగ్గర పెయింట్ పలచగా ఉంటుంది, ఎక్కువ మంది కాల్చుకునేది అక్కడే. ముందు కాంపౌండ్ కాదు, ఫినిషింగ్ పాలిష్‌తోనే మొదలుపెట్టాలి, తక్కువ మందుతో పోయేదానికి ఎక్కువ మందు ఎందుకు. శనగ్గింజంత ఫోమ్ మీద పెట్టుకుని, రెండు అరచేతులంత చోటులో, గుండ్రంగా కాకుండా నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి, మామూలు ఒత్తిడితో ఒకటి రెండు నిమిషాలు. తుడిచి టార్చ్ వేసి చూడండి. ఇక్కడ ఒక మోసం ఉంటుంది, పాలిష్‌లో ఉండే నూనె గీతలో నిండి పోయినట్టే కనిపిస్తుంది, రెండు కడుగులకి మళ్ళీ ప్రత్యక్షం, అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి గుడ్డకి తడిపి ఒకసారి తుడిచి అప్పుడు చూడాలి. ఇంకా ఉంటే కాంపౌండ్, అదే పద్ధతి. కాంపౌండ్ పెట్టినాక ముదురు రంగు మీద మసకగా వస్తుంది, భయపడద్దు, దాని మీద మళ్ళీ ఫినిషింగ్ పాలిష్ పెడితే మసక పోయి రంగు తేలుతుంది. చివర వాక్స్. గుడ్డకి మీ కారు రంగు అంటుకుంటా ఉంటే వెంటనే ఆపండి, క్లియర్ కోట్ అయిపోయి రంగు దాకా వచ్చేశారని అర్థం, లేదా కొన్ని పాత కార్లకీ బయట పెయింట్ వేసిన వాటికీ అసలు క్లియర్ కోటే ఉండదు. మ్యాట్ ఫినిష్ ఉన్నోళ్లు ఇదేదీ చెయ్యకూడదు, మెరుపు మచ్చలు పడతాయి.

చేత్తో చేస్తే మొత్తం పోతాయా అంటే పోవు. సగానికి పైన తగ్గుతాయి, నాకు అది చాలు. మిషన్ కావాలంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి, షాపుల్లో గిర్రున తిరిగే రోటరీ కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతికి వద్దు, ఒక్కచోట ఆగిందంటే వేడికి పెయింట్ కాలిపోతుంది, బంపర్ ప్లాస్టిక్ కాబట్టి వేడి బయటికి పోయేదానికి దారుండదు, అక్కడ ఇంకా తొందరగా.

ఇంటి చిట్కాలు అడుగుతారు ఎప్పుడూ. టూత్‌పేస్ట్ కొంచెం పనిచేస్తుంది, అందులో సన్న గరుకు పొడి ఉంటుంది కాబట్టి, కానీ అది పళ్ళ కోసం చేసింది, ఏ బ్రాండ్‌లో ఎంత గరుకు ఉంటుందో ఎవరికి తెలుసు. కొబ్బరినూనె, డబ్ల్యూడీ-40 రాస్తే మాయమైపోతుంది అనేవి పైన చెప్పిన మోసమే, వాన పడేదాకా.

ఇంత కష్టపడి చేసినాక దాన్ని కాపాడుకోవడం ఇంకో యుద్ధం. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే పెద్దాయన ఒకాయన ఉండాడు, చాలా మంచోడు, నెలకింత అని అన్ని కార్లూ తెల్లారకముందే ఒకే బకెట్టు ఒకే గుడ్డతో తుడిచేస్తాడు. పది కార్ల ఇసక ఆ గుడ్డలో. "తాతా, నాది తుడవద్దు" అంటే ఆయన మొహం చిన్నబోయింది, "ఏం సామీ, నేను సరిగ్గా చెయ్యలేదా, దుమ్ముగా ఉంటే అందరూ నన్నే కదా అనేది" అన్నాడు. డబ్బులు మామూలుగానే ఇస్తా, అద్దాలూ చక్రాలూ మాత్రం తుడువు, బాడీ ముట్టుకోవద్దు అని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రేమ ఎక్కువై పైన ఒక దులుపు దులిపేస్తాడు, ఏం చేస్తాం.

గోరుకి తగిలే లోతు గీతల సంగతి వేరే. రేకు కనిపిస్తా ఉంటే కార్తీకంలో వానలు మొదలయ్యేలోపే మూయండి, ఈశాన్య రుతుపవనాల వానలే మనకి గట్టిగా పడేది, అప్పుడు తుప్పు పడుతుంది. డోరు తెరిస్తే పక్క స్తంభం మీదనో ఇంజన్ దగ్గర ప్లేటు మీదనో పెయింట్ కోడ్ ఉంటుంది, దాంతో టచప్ పెన్ తెప్పించి, బ్రష్‌తో పులమకుండా పళ్ళపుల్ల కొసతో గీతలోపలికి మాత్రమే పలచగా, ఆరనిచ్చి మళ్ళీ ఇంకో పూత. దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది, తెలియనీ.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసేద్దాం అనుకునే ముందు ఒక లెక్క. క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన కారు డ్యామేజీకి కట్టే భాగం మీద మొదటి ఏడాదికి 20 శాతం నుంచి ఐదేళ్ళకి 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ వస్తుంది, దానికి కాపలాగా వేరే యాడ్ ఆన్ లేకపోతే ఒక్క గీతకి క్లెయిమ్ చేసినా రెన్యువల్‌లో సున్నా నుంచి మొదలు. పైగా 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో 1000 రూపాయలు ఎట్లాగూ మన జేబులోవే. టింకరింగ్ షాపులో ఆ ఒక్క ప్యానెల్‌కి ఎంతవుతుందో అడిగి, పాత పాలసీ కాగితం పక్కన పెట్టుకుని చూసి, అప్పుడు చెయ్యండి ఫోను.