భూమియు దాని సంపూర్ణతయు

శ్రీకాకుళం జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు కొత్త ఇల్లు కట్టుకుంటే ముందు ప్రార్థన పెట్టించుకుంటారు. పాస్టర్ గారు గుమ్మం దగ్గర నిలబడి 127వ కీర్తన చదువుతారు: “యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే.” అలాంటి ఇళ్లలో ఎన్నో వలస డబ్బుతో లేచినవి. కట్టించినవాడు విశాఖలోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదో ఉంటాడు. ప్రార్థనకు వస్తాడు, అందరికీ భోజనాలు పెడతాడు, సెలవు అయిపోగానే రైలెక్కుతాడు. ఆ ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు.

అతను ఊరి మీద బెంగగా ఉందంటే సంఘంలో మనం తరచుగా ఇచ్చే జవాబు ఒకటుంది. “ఈ లోకం మనది కాదు, మనం పరదేశులం, మన ఇల్లు పరలోకంలో ఉంది” అంటాం. దీనికి హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో ఆధారం ఉంది. అబ్రాహాము గుడారాల్లోనే బతికాడు, దేవుడు కట్టే పట్టణం కోసం ఎదురుచూశాడు. మాట నిజమే. దాన్ని మనం వాడే తీరే నాకు బాధ కలిగిస్తుంది. సొంతూరు కావాలనుకోవడం విశ్వాసంలో లోపమైనట్టు మాట్లాడతాం. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ బలగాలకు చిక్కారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఏడాదికి పైగా వాళ్ల కోసం కాచుకున్న భార్యాపిల్లల దగ్గరికి వెళ్లి ఇల్లు అనేది పెద్ద విషయం కాదని ఎవరం చెప్పగలం?

ఆదికాండము మొదటి అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి. ఇల్లు కట్టేవాడు చేసినట్టే దేవుడు ముందు చోటు సిద్ధం చేశాడు. వెలుగు వచ్చింది, నీళ్లు పక్కకు జరిగి ఆరిన నేల కనిపించింది, చెట్లు మొలిచాయి, సూర్యచంద్రులు అమరారు, చేపలూ పక్షులూ నిండాయి. అన్నీ కుదిరాక ఆరో రోజున మనిషి వచ్చాడు. కట్టినవాడు తన దారిన వెళ్లిపోనూ లేదు. ఆదాము హవ్వలు తప్పు చేసిన రోజున కూడా చల్లపూట తోటలో ఆయన సంచరించే చప్పుడు వాళ్లకు వినబడింది. నేలమంటితో చేసిన నరుణ్ణి ఆ తోటను “సేద్యపరచుటకును దాని కాచుటకును” అందులో ఉంచాడు. తోటను అప్పగించింది పాపం రాకముందే. మనిషికి ఒక నేల, చేతికి పని, దేవునితో కలిసి ఒకే చోట బతుకు అప్పటికే ఉన్నాయి. పాపం మనల్ని ఆ చోటు నుంచి వెళ్లగొట్టింది. ఆ చోటు కావాలనే కోరిక మాత్రం మనల్ని చేసినవాడు పెట్టిందే.

మన జిల్లా తీరంలోని ఉద్దానం రైతులకు ఆ తోట మాట వివరించనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు తాతల నాటి కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అయినా మళ్లీ నాటినవాళ్లు ఉన్నారు. అది మొదటి మనిషికి అప్పగించిన పనే, అందుకే వాళ్ల మీద నాకు ఎంతో గౌరవం. అదే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటినీ తొలిచేస్తోంది. “సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదన పడుచున్నది” అని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆ వాక్యం చదివేటప్పుడు నాకు పలాస, కవిటి, సోంపేట పల్లెలే గుర్తుకొస్తాయి. సృష్టి నొప్పి పడుతోందని పౌలు ఒప్పుకున్నాడు, పారేయదగినదని మాత్రం ఎక్కడా అనలేదు.

అలా అన్నవాళ్లూ ఉన్నారు. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే బోధకుడు లోకాన్ని చేసిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని బోధించాడు. రోమా సంఘం 144లో అతన్ని వెలివేసింది. 325లో సంఘ పెద్దలు కూడిన నీకయ సభ రాసిన విశ్వాస ప్రమాణం కనబడేవాటినీ కనబడనివాటినీ సృజించిన తండ్రితోనే మొదలవుతుంది.

పైగా మన ప్రభువు లేచింది శరీరంతోనే. తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వల వేసి ఏమీ పడక అలసిపోయిన శిష్యుల కోసం నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి “రండి భోజనము చేయుడి” అని పిలిచాడు. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున వల లాగేవాళ్లకు ఇంతకంటే దగ్గరి సువార్త ఏముంటుంది! మరణాన్ని గెలిచినవాడు తీరం మీద వంట చేశాడు. ఇక ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో మనం పైకి ఎగిరిపోవడం ఉండదు, పట్టణమే పరలోకం నుంచి దిగివస్తుంది. “ఇదిగో దేవుని నివాసము మనుష్యులతో కూడ ఉన్నది, ఆయన వారితో కాపురముండును.” 127వ కీర్తనతో పాటు ఈ వాక్యం కూడా కొత్త ఇంటి ప్రార్థనలో చదవమని పాస్టర్లకు నా మనవి.

దూరంగా ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. మీలో చాలామంది అక్కడి సంఘంలో సభ్యత్వం తీసుకోరు, “ఎలాగూ ఊరెళ్లిపోతాం కదన్నా” అంటారు. బబులోనుకు చెరపోయిన యూదులు కూడా రేపో మాపో వెళ్లిపోతామనే అనుకున్నారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని యిర్మీయా ప్రవక్త వాళ్లకు ఉత్తరం రాశాడు. తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని కూడా దాచకుండా చెప్పాడు. “భూమియు దాని సంపూర్ణతయు లోకమును దాని నివాసులును యెహోవావే” అన్నప్పుడు మీ అద్దె గది ఉన్న వీధి కూడా అందులోదే. ఈ ఆదివారమే అక్కడి సంఘానికి వెళ్లి పేరు రాయించుకోండి, ఆ వీధి పిల్లలకు సండే స్కూల్ మొదలుపెట్టండి. ఇక్కడ మీ అమ్మానాన్నల దగ్గరికి ఆరాధన అయ్యాక మేం వెళ్తాం.