విప్పిన కోటు ఎక్కడ పెట్టుకోవాలి?

రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి. ఐదు రోజుల నగర యాత్రకు బట్టలు సర్దడమనే ఒక్క పనితో ఈ ఆదివారమంతా గడిచిపోయిందని రాసుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంది. కానీ డైరీలో కూడా అబద్ధం రాయడం ఎందుకు? పొద్దున తొమ్మిదింటికి మంచం మీద దుప్పటి తీసి బట్టలు పరవడం మొదలుపెడితే, ఆఖరి జిప్పు లాగేసరికి రాత్రి తొమ్మిదయింది.

నేను వెళ్ళే ఊళ్ళో సెప్టెంబరు మూడో వారమంటే వేసవి పూర్తిగా వెళ్ళిపోలేదు, చలి పూర్తిగా రాలేదు, చెట్లు కూడా ఆకులు రాల్చాలా వద్దా అని ఇంకా తేల్చుకోని రోజులు. ఫోనులో వాతావరణ సూచన చూస్తే ఉదయం 9 డిగ్రీలు, మధ్యాహ్నం 21 అని ఉంది. ఒకే రోజులో పన్నెండు డిగ్రీల తేడా. మబ్బులేని రాత్రుళ్ళలో నేల తనలోని వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది కనుక తెల్లవారేసరికి చలి బిగుస్తుంది, పగలు మాత్రం ఎండకు ఇంకా వేసవి నాటి చేవ మిగిలే ఉంటుంది. పైగా పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతంలోనే పగలు అన్నిటికంటే వేగంగా కుంచించుకుపోతుంది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర రోజుకు సుమారు 3 నిమిషాలు, అంటే నేను అక్కడ ఉండే ఐదు రోజుల్లోనే పావుగంట పగలు తరిగిపోతుందన్నమాట. మొదటి రోజు సాయంత్రం హాయిగా కూర్చున్న బల్ల మీదే ఆఖరి రోజు అదే వేళకు కూర్చుంటే వణుకు పుట్టవచ్చు.

ఈ కాలానికి బట్టలు ఎంచుకునేటప్పుడు అందరమూ ‘ఏది వేసుకోవాలి’ అనే ఆలోచిస్తాం. అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నాకు నిరుడు తెలిసివచ్చింది. నిరుడు ఇదే కాలంలో, ఇలాంటి నగరానికే, అద్దంలో చాలా దర్జాగా కనిపించిన మందపాటి ఉన్ని కోటు వేసుకుని వెళ్ళాను. పొద్దున తొమ్మిదికి వంతెన మీద నడుస్తున్నప్పుడు నా అంత తెలివైనవాళ్ళు లేరనిపించింది. పదకొండున్నరకు కోటు విప్పాను. అక్కడి నుంచి సాయంత్రం దాకా ఆ పొట్టేలును ఎడమ చేతి మీద మోస్తూ, కుడి చేత్తో ఫోనూ నీళ్ళ సీసా పట్టుకుంటూ, మెట్లు ఎక్కేటప్పుడు దాని అంచు కాళ్ళకు అడ్డం పడుతూ నాలుగు గంటలు తిరిగాను. ఆ విసుగులోనే, లోపల వేసుకున్న స్వెట్టరును కూడా విప్పి ఒక కుర్చీ వీపుకు తగిలించి, అక్కడే మరచిపోయి వచ్చేశాను. సాయంత్రం కోటు వేసుకోబోతుంటే లోపల ఏదో వెలితిగా ఉందని అర్థమయింది. వెనక్కి వెళ్ళి చూస్తే కుర్చీ ఉంది, స్వెట్టరు లేదు.

అందుకే ఈ రోజు మంచం మీదికి వచ్చిన ప్రతి పై బట్టనూ ఒకే ప్రశ్న అడిగాను: నిన్ను విప్పిన తరువాత ఎక్కడ పెట్టుకోను?

ఉన్ని కోటు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మొదటి పది నిమిషాల్లోనే బీరువాలోకి వెళ్ళిపోయింది. దాని స్థానంలో ట్రెంచ్ కోటు వచ్చింది. ఇది చలిని ఆపే బట్ట కాదు, గాలినీ చినుకునూ ఆపే బట్ట. ఆ తేడా తెలియక చాలామంది దీన్ని పలచగా ఉందని తీసిపారేస్తారు. వెచ్చదనం లోపలి పొరలు చూసుకుంటాయి. ఆ పొరల మధ్య నిలిచిన గాలిని ఊడ్చుకుపోనివ్వకుండా కాపలా కాయడమే దీని పని. 1879లో ఇంగ్లండు బట్టల వ్యాపారి థామస్ బర్బెరీ గాబర్డీన్ అనే బట్టను తయారుచేసినప్పుడు చేసిన ఉపాయం కూడా అలాంటిదే. నేసిన తరువాత పైన రబ్బరు పూయకుండా, నేయడానికి ముందే నూలుకు నీరు పట్టకుండా చేసి, దాన్ని చిక్కగా నేయించాడు. అందువల్ల వాన లోపలికి దిగదు, ఒంటి ఆవిరి మాత్రం బయటికి పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారులు ఇలాంటి కోట్లు వేసుకుని కందకాల్లో గడపడంతో ఆ కందకం పేరే, అంటే ఇంగ్లీషులో ‘ట్రెంచ్’, కోటుకు నిలిచిపోయింది. నా కోటు అంత ఘనమైన వంశానిదేమీ కాదు, మామూలు నూలు కలిసిన బట్ట. అయినా మడిస్తే భుజం సంచీ పట్టీ కింద ఇమిడిపోతుంది, ముడతలు పడినా ఆ ముడతలు దానికి అందంగానే ఉంటాయి.

తీసి చూస్తే రెండో గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది. ప్రయాణంలో ఊడితే అలాంటి గుండీ మరొకటి దొరకదు కనుక, సర్దడం ఆపి సూది దారం తీశాను. కోటు గుండీని చొక్కా గుండీలా బట్టకు అంటుకునేలా కుట్టకూడదు. గుండీ మీద అడ్డంగా ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా నాలుగైదు కుట్లు వేసి, తరువాత పుల్ల లాగేసి, గుండీని పైకి లేపి, బట్టకూ గుండీకీ మధ్య వదులుగా మిగిలిన దారం చుట్టూ అదే దారాన్ని ఐదారు చుట్లు బిగించి ముడి వేయాలి. అప్పుడు గుండీ చిన్న కాడ మీద పువ్వులా నిలబడుతుంది, పైన వచ్చే మందపాటి అంచుకు చోటిస్తుంది. దీనికి పావుగంట పట్టింది. ఈ రోజు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని ఇదే.

లోపలి పొరలకు వస్తే, మెరినో అనే జాతి గొర్రెల ఉన్నితో అల్లిన నల్లటి పలచని స్వెట్టరును మాత్రం ఏ వాదనా లేకుండా ఒప్పుకున్నాను. సన్నని మెరినో పోగు మందం 20 మైక్రాన్ల లోపే ఉంటుంది. తల వెంట్రుక సుమారుగా దానికి మూడు నాలుగు రెట్లు లావు. అంత సన్నగా ఉండడం వల్లే చర్మానికి తగిలినప్పుడు పోగు వంగిపోతుంది తప్ప గుచ్చుకోదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను ఆవిరి రూపంలో పీల్చుకుని కూడా తడిసినట్టు అనిపించదు కనుక, మెట్రో మెట్లెక్కి చెమట పట్టినా మళ్ళీ గాలిలోకి రాగానే ఒళ్ళు జివ్వుమనదు. రెండు రోజులు వరసగా వేసుకున్నా, రాత్రి కుర్చీ మీద ఆరవేస్తే పొద్దునకి వాసన ఉండదు. నూలు చొక్కాకు ఈ ఓపిక లేదు.

దాని మీదకి బూడిదరంగు కార్డిగన్. తల మీదుగా లాగి తీయవలసిన రెండో స్వెట్టరు బదులు, ముందు గుండీలున్న దీన్నే ఎంచుకోవడానికి కారణం కూడా నా ప్రశ్నే. తల మీదుగా స్వెట్టరు తీయాలంటే ముందు కళ్ళజోడు తీయాలి, జుట్టు చిటపటమంటూ లేచి నిలబడుతుంది, కింది చొక్కా సగం దానితోపాటు పైకి వస్తుంది, నడివీధిలో ఆ అవస్థ ఎవరికి కావాలి? కార్డిగన్ అయితే నడుస్తూనే ఒక చెయ్యి, మరో చెయ్యి తీసి, నిలువునా మడిచి సంచీలో పెట్టేయవచ్చు. ఈ బట్టకు పేరు ఇచ్చిన ఏడవ ఎర్ల్ ఆఫ్ కార్డిగన్ క్రిమియా యుద్ధంలో ఆశ్వికదళాన్ని నడిపించిన సేనాని. ఆయన యుద్ధంలో ఏం సాధించాడన్నది పక్కన పెడితే, నా కళ్ళజోడుకు మాత్రం మేలే చేశాడు.

మధ్యాహ్నం చెల్లెలు వీడియో కాల్ చేసింది. ఫోను మంచం వైపు తిప్పి చూపించాను. బూడిదరంగు, నలుపు, ముదురు నీలం, మళ్ళీ బూడిదరంగు.

“అక్కా, నువ్వు ఊరు చూడ్డానికి వెళ్తున్నావా, ఆఫీసు ఆడిట్‌కి వెళ్తున్నావా? ఆ ఎర్ర గౌను పెట్టుకోవే. ఫొటోల్లో ఎంత బాగుంటుందో!”

“దాని మీదకి నా కోట్లు ఏవీ నప్పవే.”

“అయితే కోటు వేసుకోకు.”

“పొద్దున తొమ్మిది డిగ్రీలు.”

“ఫొటో తీసేంతసేపు ఓర్చుకోలేవా?”

అది అన్న మాటలో సగం నిజం ఉందని ఫోను పెట్టేశాక తోచింది. ఎర్ర గౌను వెళ్ళదు. పట్టీ చెప్పులతో తప్ప మరి దేనితోనూ కుదరని బట్టకు, ఆ చెప్పులకు కూడా సంచీలో చోటు ఇవ్వాలి. ఒక్క గంట కోసం రెండు వస్తువులు మోయడం నాకు సమ్మతం కాదు. కానీ ఆడిట్ మాట మాత్రం నిజమే. అందుకని ఇటుకరంగు ఉన్ని స్కార్ఫ్ బయటికి తీశాను. రెండు గజాల పొడవుంటుంది. మెడకు చుట్టుకుంటే నలుపు స్వెట్టరు ముఖానికి తెచ్చే మబ్బు తొలగిపోతుంది, విమానంలో దుప్పటి అవుతుంది, విప్పితే సంచీ పిడికి ముడి వేయవచ్చు. నా ప్రశ్నకు ఇంత చక్కగా జవాబు చెప్పిన వస్తువు ఈ రోజు మరొకటి లేదు.

మిగిలినవి తొందరగానే తేలాయి. కింద వేసుకోవడానికి మూడు: ముదురు నీలం జీన్స్, బొగ్గురంగు ప్యాంటు, మోకాళ్ళ కిందికి వచ్చే గోధుమరంగు స్కర్టు. పైన వేసుకోవడానికి ఐదు: తెల్ల టీషర్టు, నీలి చారల పొడుగు చేతుల బనియను, లేత నీలం నూలు చొక్కా, మీగడరంగు పట్టు చొక్కా, ముందు చెప్పిన మెరినో. మూడైదులు పదిహేను జతలు. కార్డిగన్ వేసీ వేయకా లెక్కిస్తే ముప్పై. 1970లలో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూసీ ఫాక్స్ ప్రచారంలోకి తెచ్చిన క్యాప్సూల్ వార్డ్‌రోబ్ పద్ధతికి ఈ గుణకారమే ప్రాణం. ఒకదానితో ఒకటి కలిసే కొద్ది బట్టలు ఉంటే చాలునంటారు. లెక్క బాగానే ఉంటుంది కానీ ఐదు రోజుల మనిషికి ముప్పై జతలతో ఏం పని? నాకు అందులో కావలసిన సుగుణం వేరు. చొక్కా మీద ఏదైనా ఒలికినా, దానికి బదులు చేతికి ఏది దొరికితే అది వేసుకోవచ్చు, మిగతా జత చెడదు.

జీన్స్‌ను ఒంటి మీదే తీసుకెళ్తాను. బరువూ ఎక్కువే, తడిస్తే ఒక పట్టాన ఆరదు. నూలు చొక్కాను మాత్రం ఎలా మడిచినా ముడతలు తప్పవు. తేమ తగిలినప్పుడు నూలు పోగుల లోపలి బంధాలు సడలి, ఆరేటప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్ళీ బిగుసుకుంటాయి. ముడతకు అదే కారణం, ఇస్త్రీకి ఆధారమూ అదే. హోటల్లో వేడినీళ్ళ స్నానం చేస్తున్నప్పుడు ఆ గదిలోనే హ్యాంగరుకు తగిలించి, బయటికి వచ్చాక చేత్తో కిందికి లాగి సాపు చేస్తే సగం ముడతలైనా దిగుతాయి. మిగతా సగాన్ని కార్డిగన్ కప్పుతుంది.

పాదరక్షల దగ్గర మనసు కొంచెం గుంజింది. మడమ బూట్లు ఆ స్కర్టు కిందికి ఎంత బాగుంటాయో నాకు తెలుసు. కొన్న నెల రోజుల్లో వాటిని రెండుసార్లే వేసుకున్నాననీ, కుడి మడమ దగ్గర తోలు ఇంకా మెత్తబడలేదనీ కూడా తెలుసు. రోజంతా నడిచిన పాదం సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన కొత్త బూటు సాయంత్రం బొబ్బ తెస్తుంది. రెండేళ్ళుగా నా పాదం ఆకారం నేర్చుకున్న తెల్ల తోలు బూట్లనే పాలిష్ చేసి, తాళ్ళు మార్చి పెట్టాను. సాయంత్రాలకు నల్లటి చదును బూట్లు, వాటి లోపల చుట్టిన మేజోళ్ళు.

బ్యాగును కొక్కెం తూకానికి వేలాడదీస్తే మొదటిసారి 9.2 కిలోలు చూపించింది. నాకున్న పరిమితి 7. ఆశ చావక ఉన్ని కోటును బీరువాలోంచి తీసి అడుగున పెట్టుకున్నానని ఇక్కడైనా ఒప్పుకోవాలి. దాన్ని తీస్తే 1.7 కిలోలు తగ్గింది, దానితోపాటే దొంగతనంగా దూరిన మడమ బూట్లు తీస్తే మరో 1.1 పోయింది. 6.4 దగ్గర ముల్లు ఆగింది. గుండీ కుట్టిన సూదీ దారం ఒక చిన్న డబ్బాలో వేసి పక్క అరలో పెట్టాను.

రాత్రి చివరగా ఒక పరీక్ష చేశాను. రేపటి బట్టలన్నీ వేసుకుని, భుజానికి సంచీ తగిలించుకుని, హాలులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తూ కోటు విప్పి, నిలువునా మూడు మడతలు పెట్టి పట్టీ కిందికి దోపాను. నాలుగో అడుగుకు జారి పడింది. కాలర్ లోపలి వైపుకు వచ్చేలా మడత మార్చి, నడుం బెల్టుతో ఒక చుట్టు చుట్టి మళ్ళీ దోపాను. పది సార్లు అటూ ఇటూ తిరిగాను. ఈసారి పడలేదు.