తోక కొసన ధ్రువుడు: శింశుమార చక్రాన్ని ట్యాబ్‌లో గీస్తుంటే

ధ్రువుడి బొమ్మ వెయ్యమంటే అందరం ఒకేలా వేస్తాం. నల్లటి ఆకాశం, చేతులు జోడించిన పిల్లాడు, తల వెనక వెలుగు. ఈమధ్య ఏఐతో చేసి వాట్సాప్‌లో తిప్పుతున్నవాటిలో అయితే ఆ వెలుగు చూసి సూర్యుడేమో అనుకోవాలి! అసలు ధ్రువ నక్షత్రం అంత మెరవదు. హైదరాబాద్ నుంచి చూస్తే ఉత్తరాన దాదాపు 17 డిగ్రీల ఎత్తులో, అపార్ట్‌మెంట్ల సందుల్లో వెతుక్కోవాల్సిన చుక్క.

భాగవతం పంచమ స్కంధం 23వ అధ్యాయంలో ఆకాశమంతా ఒకే శరీరం, శింశుమారమనే జలచరం ఆకారంలో ఉన్న వాసుదేవుడు. "యస్య పుచ్ఛాగ్రేఽవాక్శిరసః కుండలీభూతదేహస్య ధ్రువ ఉపకల్పితః" అంటుంది వచనం. తల కిందికి పెట్టి, ఒళ్ళు చుట్ట చుట్టుకుని ఉన్న ఆ స్వామి తోక కొసన ధ్రువుడున్నాడు. తండ్రి ఒళ్ళో కూర్చోనివ్వలేదని సవతి తల్లి మాటకు రోషపడి అడవికి పోయి, తాతముత్తాతలకు కూడా దక్కని చోటు కోరుకున్న పిల్లాడికి దొరికింది తోక కొస. కానీ తల కిందికి ఉంది కదా, అన్నిటికంటే పైనున్నది ఆ కొసే, సప్తర్షులు సహా మొత్తం తిరిగేది దాని చుట్టూనే. అందుకే నా బొమ్మలో ధ్రువుడికి కిరీటం పెట్టలేదు, చిన్న చుక్కగానే ఉంచాను.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో, ఒకపక్క గీస్తే రెండోపక్క కూడా పడే మిర్రర్ టూల్ ఆన్ చేసి నక్షత్రాలు పెట్టడం మొదలుపెట్టాక ఇంకోటి తెలిసింది. మామూలు 27కి అభిజిత్తును కలిపి 28 నక్షత్రాలు, కుడివైపు 14, ఎడమవైపు 14. కుడి ముక్కుపుటంలో అభిజిత్తు, ఎడమ దాంట్లో ఉత్తరాషాఢ. కళ్ళు శ్రవణం, పూర్వాషాఢ. చెవులు ధనిష్ఠ, మూల. ఒకపక్క వరస ముందుకు, రెండోపక్క వెనక్కి నడుస్తుంది. ఆ రెండు వరసలూ నడుం దగ్గర పునర్వసు, పుష్యమిలుగా మళ్ళీ పక్కపక్కకు వచ్చేస్తాయి. చక్రాన్ని సరిగ్గా సగానికి మడిచి ఒంటికి తొడిగినట్టుంది, నాకైతే ఒళ్ళు జలదరించింది.

గ్రహాల దగ్గర మాత్రం ఆకాశంలో ఏది ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం యాప్ మూసేయండి. ముఖంలో అంగారకుడు, వక్షస్సున సూర్యుడు, మనసులో చంద్రుడు, నాభిలో శుక్రుడు అని ఉంటుంది, ఈ రాత్రి వాళ్ళు ఏ రాశిలో ఉన్నారన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఇది యోగధారణ కోసం, అంటే ధ్యానంలో మనసు నిలపడానికి చెప్పిన రూపమని ఆ అధ్యాయమే అంటోంది. సాయంత్రం దీపం పెట్టాక "నమో జ్యోతిర్లోకాయ కాలాయనాయ" అనుకుంటూ తోక నుంచి మొదలుపెట్టి ఒక్కో అంగం మీద చూపు నిలుపుతూ వస్తే సరిపోతుంది.

హృదయంలో నారాయణుడు ఉండాలి. అక్కడ నేనేమీ వెయ్యలేదు, లేయర్ ఖాళీగా ఉంది. కనీసం శంఖచక్రాలైనా పెట్టమని మా పెద్దమ్మ ఒకటే గొడవ, ఖాళీగా ఉంటేనే బాగుందని నేను. ఇంకా తేలలేదు.