ఆరు రేకుముక్కలతో ములూజ్‌కు

నా పెట్టెలో మడతపెట్టిన బట్టల మధ్య ఆరు రేకుముక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేతికన్నా కొంచెం పెద్దది. అంచులు అరగదీసి, ప్రైమర్ పూసి, రేపు కారుకు వాడబోయే స్ప్రే గన్నుతోనే రంగు కొట్టించినవి: మీగడ తెలుపు, లేత బూడిద, ముదురు ఆకుపచ్చ, నీలం, మెరూన్, నలుపు. విమానాశ్రయంలో తనిఖీ అధికారి వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూసి ఇవేమిటని అడిగితే, "కారు" అన్నాను. ఆయన నవ్వలేదు.

నా దగ్గర 1950ల చివరినాటి ఫియట్ 1100 ఒకటి ఉంది. నేను కొనేనాటికి దానిమీద రెండు మూడు పొరల తెల్లరంగు ఉంది. ఇంతకుముందు ఎవరో ఒళ్ళంతా గీకించి వేయించినది కావడంతో, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు రంగు ఏమిటో చెప్పే ఆధారం డాష్‌బోర్డు కింద, చేయి పెట్టి తడిమితే తప్ప దొరకని మూలలో, గోరంత మేర మాత్రమే మిగిలింది. అది ముదురు ఆకుపచ్చ. పాత కార్ల అసలు రంగు తెలియాలంటే ఇలాంటి చోట్లే వెతకాలి: తలుపు లోపలి అట్ట వెనక, సీట్ల కింద, డిక్కీ మూలల్లో. ఆకుపచ్చ ఉండేదని తేలింది సరే, ఆ కాలంలో ఈ కార్లు రెండు రంగుల్లోనూ వచ్చేవి కాబట్టి రెండోది ఉండేదా, ఉంటే ఏది, అన్నది తేలలేదు. తెల్లరంగు గీకినప్పుడు తలుపుల మీద నాలుగైదు గుండ్రటి పుట్టీ మచ్చలు బయటపడ్డాయి. తుప్పు తిన్నచోట్ల పాత మేస్త్రీ ఎవరో నింపి ఉంటాడనుకుని ఒక ఫోటో తీసి పక్కన పెట్టాను.

కారుకు వేయించే రెండు రంగులేవో పాత కార్లను చూసి తేల్చుకుందామని ములూజ్ మ్యూజియానికి బయలుదేరే ముందు నా పెయింటర్ అడిగినది ఒకే ఒక్క ప్రశ్న. "రంగులు మీ ఇష్టం సార్. గీత హ్యాండిల్ పైనుంచా, కిందనుంచా?" వచ్చాక చెబుతానన్నాను. రంగులే తేలకుండా అవి కలిసే గీత గోల ఏమిటని లోపల కొంచెం విసుక్కున్నాను కూడా.

ములూజ్ ఫ్రాన్స్ తూర్పు అంచున, ఆల్సేస్ ప్రాంతంలో, స్విట్జర్లండ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. పారిస్ నుంచి వేగరైలులో మూడు గంటల లోపే చేరుకోవచ్చు. అక్కడి జాతీయ ఆటోమొబైల్ మ్యూజియం ఒక బట్టల మిల్లులో ఉంది. హాన్స్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అనే అన్నదమ్ములు ఉన్ని మిల్లుల యజమానులుగా ఉంటూ, బయటివారికి పెద్దగా తెలియనివ్వకుండా వందల కార్లు కొని ఆ మిల్లులో పోగుచేశారు. వ్యాపారం కూలిపోయి అన్నదమ్ములు స్విట్జర్లండ్ వెళ్ళిపోయాక, 1977లో కార్మికులు మిల్లును ఆక్రమించి తలుపులు తెరిస్తే లోపల ఉన్నవి మగ్గాలు కావు, బుగట్టీ కార్లు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ సేకరణను చారిత్రక సంపదగా ప్రకటించింది, 1982లో మ్యూజియంగా తెరిచారు. జీతాలు అందక మిల్లు తలుపులు తెరిచిన ఆ కార్మికులకు, వరుసలు తీరి మెరుస్తున్న ఆ కార్లు ఎలా కనిపించి ఉంటాయో అన్న ఆలోచన లోపల తిరుగుతున్నంతసేపూ నన్ను వదలలేదు.

ప్రధాన హాలు ఎంత పెద్దదంటే అటు చివర ఇటు నుంచి కనిపించదు. వరుసల మధ్య పారిస్‌లోని అలెగ్జాండర్ 3 వంతెన దీపస్తంభాల నమూనాలు వందల కొద్దీ నిలబెట్టారు. మొదటి వరుసల్లో ఉన్నవి గుర్రబ్బండికి ఇంజన్ తగిలించినట్టుండే తొలినాటి వాహనాలు. రెండు రంగుల సంగతి 1950ల క్రోమ్ కాలంలో పుట్టిందని అంతవరకూ అనుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ వరుసల దగ్గరే తప్పు తెలుసుకున్నాను. బండి పెట్టెకు ఒక రంగు, చక్రాలకూ చట్రానికీ మరొకటి, వాటి అంచున కుంచెతో లాగిన సన్నని గీత: ఇదంతా గుర్రబ్బండ్ల మేస్త్రీల చేతి అలవాటే. తర్వాత వచ్చిన కార్లలో మడ్‌గార్డులు విడి భాగాలు. వాటికి విడిగా గట్టి నల్ల ఎనామెల్ వేసి తెచ్చి బోల్టులతో బిగించేవారు, బాడీకి మాత్రం కోరిన రంగు వేసేవారు. అంటే రంగు మారిన చోట నిజంగానే రేకు మారింది. ఈ మాట నేను చిన్న పుస్తకంలో రాసుకున్నాను కానీ దాని బరువు అప్పటికి నాకు తెలియలేదు.

ఆరే ఆరు తయారైన బుగట్టీ రొయాల్ కార్లలో రెండు ఇక్కడ ఉన్నాయి. ఒకటి కూపే నెపోలియన్. 12.7 లీటర్ల ఇంజను, ఆరు మీటర్లకు మించిన పొడవు, నలుపు మీద నీలం. ఆ కంపెనీ స్థాపకుడు ఎత్తోరే బుగట్టీ స్వయంగా వాడుకున్న కారు. బాడీ గీసింది ఆయన కొడుకు జాఁ. ఇంత పొడవాటి వస్తువును ఒకే రంగులో ఉంచితే రైలు పెట్టెలా కనిపించేది. నలుపు దాని బరువును కిందికీ అంచులకూ నెట్టేస్తుంది, నీలం బానెట్ పక్క నుంచి తలుపుదాకా చూపును లాక్కుపోతుంది. రెండూ దట్టమైన రంగులే. అవి ఒకదానితో ఒకటి పోటీ పడకపోవడానికి కారణం ఆ రంగులు కావని, గీత నడిచిన తీరని నాకు అక్కడ నిలబడిన ఇరవయ్యో నిమిషంలోనో ఎప్పుడో తట్టింది. నేను అప్పటిదాకా జేబులోని రేకుముక్కల్ని జతలు జతలుగా పట్టుకుని చూస్తున్నాను. చూస్తున్న మనిషి చేతిలో ఇనుప ముక్కలు కనబడితే కాపలావాళ్ళకు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఒకాయన మర్యాదగానే వచ్చి నన్ను రెండడుగులు వెనక్కి జరిపాడు. మేలే చేశాడు, దూరం నుంచే గీత బాగా కనబడింది.

కొంచెం అవతల ఎస్డేర్స్ రోడ్‌స్టర్ ఉంది. 1932లో అర్మాఁ ఎస్డేర్స్ అనే బట్టల వ్యాపారి చేయించుకున్న రొయాల్ అది. రాత్రిపూట నడపనని ఆయన హెడ్‌లైట్లు వద్దన్నాడట. అసలు బాడీ తర్వాత మారిపోయింది, ఇక్కడ ఉన్నది పునర్నిర్మాణం, పైన చెప్పిన రెండింటి లెక్కలోకి రాదు. దాని రెండు రంగులూ ఆకుపచ్చలే, ఒకటి లేత, ఒకటి ముదురు. నా కళ్ళు అక్కడ ఆగిపోయాయి, ఎందుకంటే డాష్‌బోర్డు కింది గోరంత ఆకుపచ్చ నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒకే రంగు రెండు మెట్లలో వాడడం అన్నిటికన్నా సురక్షితమైన దారి, గొడవ రాదు. కానీ ఆ పని రొయాల్ మీద నప్పడానికి దాని పరిమాణం ఒక కారణం. నా కారు అందులో సగం ఉంటే గొప్ప. చిన్న కారు మీద రెండు ఆకుపచ్చలు వేస్తే, ఒక తలుపును వేరే దుకాణంలో రంగు వేయించినట్టు ఉంటుందని నా అనుమానం.

మధ్యాహ్నం బయటికి వచ్చి ట్రామ్ ఆగేచోట బెంచీ మీద ఆరు రేకులూ పరిచాను. సన్నని వాన, మబ్బు. లోపలి దీపాల కింద చక్కగా జతకూడిన మీగడ తెలుపు, లేత బూడిద ఇక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నీరసంగా కనిపించాయి. మెరూన్ దాదాపు నలుపైంది. రంగు అంటే దాని మీద పడే వెలుతురు కూడా అని తెలిసినవాణ్ణే, అయినా రేకు చేతిలో పెట్టుకుని చూస్తే తప్ప నమ్మబుద్ధి కాలేదు. ఆకుపచ్చ రేకును పడుకోబెట్టాను: ఆకాశం దానిలోకి దిగి, రంగు ఒక మెట్టు లేతబడింది. నిలబెట్టాను: ముదిరింది. కారు మీద బానెట్, టాపు పడుకున్న రేకులు, తలుపులు నిలబడ్డ రేకులు, కాబట్టి ఒకే రంగు వేసిన కారు కూడా ఎండలో రెండు రంగుల కారే. నేను ఎంచుకునే రెండింటి మధ్య తేడా ఈ సహజమైన తేడాకన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే వేసినట్టే తెలియదు. నీలం, ఆకుపచ్చల జతకు ఆ పరీక్షలో మార్కులు రాలేదు. మీగడ తెలుపు, ఆకుపచ్చల జత నిలిచింది. వానచుక్కలు ఆకుపచ్చ మీద పూసల్లా నిలబడ్డాయి, పక్కన కూర్చున్న పెద్దావిడ వాటిని వేలితో తుడిచి, ఫ్రెంచిలో ఏదో మెచ్చుకోలు మాట అంది. ఆ మాట ఏమిటో అర్థం కాకపోయినా దాన్ని ఓటుగానే లెక్కవేసుకున్నాను.

మర్నాడు ఉదయం హోటల్ ఎదురు వీధిలో సిత్రోయెన్ 2సీవీ చార్లెస్టన్ అనే చిన్న ఫ్రెంచి కారు ఒకటి ఆగి ఉంది. 1980లో మొదట కొద్ది సంఖ్యలో అమ్మి, ఆదరణ చూసి మామూలు మోడలుగా కొనసాగించిన రకం అది: నలుపు, దేలాజ్ ఎరుపు. సెర్జ్ జెవాఁ గీసిన ఆ రంగుల విభజన తలుపుల మీదుగా పెద్ద విల్లులా వంగి పోతుంది. దగ్గరికి వెళ్ళి వేలితో తడిమాను. అక్కడ రేకులో మడత లేదు, బీడింగ్ (రేకు మీద బిగించే సన్నని లోహపు పట్టీ) లేదు, అతుకు లేదు, రంగు మాత్రమే మారింది, పక్కన ఒక సన్నని గీత. నా వేలికి ఏ గట్టూ తగలలేదు. నిన్న మ్యూజియంలో రాసుకున్న మాట ఇక్కడ తలకిందులైంది: రేకు మారని చోట రంగు మార్చాలంటే, ఆ వంపును చేయి తిరిగినవాడు గీయాలి, 1930ల మడ్‌గార్డు ఎలా వంగి పోయేదో మనసులో పెట్టుకుని గీయాలి. నాలాంటివాడు నోటుబుక్కులో గీసిన వంపు తలుపు మీదికి ఎక్కితే సర్కస్ బండి అవుతుంది. అంటే నా కారుకు రేకులోనే ఉన్న గీత కావాలి.

పని విధానం కూడా ఆ మాటనే సమర్థిస్తుంది. లేత రంగు ముందు కొడతారు, పూర్తిగా ఆరాక సన్నని టేపు అంటించి మిగతాది కప్పి ముదురు రంగు కొడతారు, అది బాగా గట్టిపడకముందే టేపును తనమీదకు తాను మడుస్తూ లాగుతారు, చివరికి రెండింటి మీదా కలిపి క్లియర్, అంటే రంగులేని మెరుపు పూత, వేస్తారు. ఎంత జాగ్రత్త పడ్డా టేపు అంచున సన్నని గట్టు మిగలవచ్చు. దాన్ని ఒక బీడింగ్ కప్పేస్తే కారు జన్మంతా ఎవరూ చూడరు. మా ఫియట్‌కు ఇంకో చిక్కు ఉంది, ముందు తలుపుల కీళ్ళు వెనకవైపు ఉంటాయి, తలుపు తెరవగానే అంచు మొత్తం ఎదుటివాడి కంటికి కనబడుతుంది. గీత తలుపు అంచు తిరిగి లోపలికీ, ఎదురుగా ఉన్న స్తంభం మీదికీ సరిగ్గా అదే ఎత్తులో నడవాలి.

తిరుగు రైలులో ఫోన్‌లో కారు పాత ఫోటోలు తిప్పుతుంటే, పుట్టీ మచ్చల ఫోటో వచ్చింది. ముందు తలుపు మీద రెండు, వెనక తలుపు మీద రెండు, వెనక మడ్‌గార్డు దగ్గర ఒకటి. పెద్దది చేసి చూశాను. తుప్పు ఎప్పుడూ వరుసలో తినదు. ఐదూ ఒకే ఎత్తున, హ్యాండిల్‌కు రెండు వేళ్ళ కింద, తాడు పట్టి గుర్తు పెట్టినట్టు ఉన్నాయి.

పెయింటర్‌కు ఫోన్ చేశాను. పైన మీగడ తెలుపు, టాపుతో సహా, కింద ఆకుపచ్చ, గీత హ్యాండిల్ కిందనుంచి, అన్నాను.

"బీడింగ్ కన్నాలు ఉన్నచోటే కదా సార్," అన్నాడు. "ఆ మచ్చలు చూసే అడిగాను. మీరు వచ్చాక చెబుతానన్నారు, నేను ఆ వరుసలో అప్పుడే పెన్సిల్ గీత పెట్టి ఉంచాను."