గోపాలపూర్ గది, బుగూడ గోడలు

పెళ్లయి పదిహేనేళ్లు నిండినా ఈసారి దూరం ఎక్కడికీ పోలేదు. ఒడిశాలోని బరంపురంలో ఉంటూ, పదిహేను కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న గోపాలపూర్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం. "ఇంట్లోనే పడుకుని పొద్దున్నే బస్సెక్కితే సరిపోయేది కదమ్మా" అన్నారు మా అత్తగారు. ఆవిడ లెక్క సరైనదే. కానీ చిన్నప్పుడు ఆదివారాలు నాన్న మమ్మల్ని బీచ్‌కి తీసుకెళ్తే పామ్ బీచ్ హోటల్ ప్రహరీ పక్క నుంచే నడిచేవాళ్లం. లోపల ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక నాకు అప్పటిది. 1914లో మాగ్లియోని అనే ఇటలీ ఆయన దాన్ని కట్టించారు. తర్వాత ఒబెరాయ్ వాళ్ల చేతికి వచ్చింది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్లు నడుపుతున్నారు.

గది నాకు బాగా నచ్చింది. రాత్రంతా కిటికీ తెరిచే పడుకున్నాం, అలల చప్పుడు వింటూ. భోజనంలో పీతల కూర బాగుంది. పొద్దున టిఫిన్ మాత్రం బరంపురంలో మా వీధి చివర బండి మీద దొరికేదే నాకు ఇష్టం. వేడి వడలు, ఉప్మా, పైన గరిటెడు ఘుగుని. ఉప్మాలో బఠానీల కూర ఏంటని విశాఖ చుట్టాలు అడుగుతారు. ఒక్కసారి తిన్నాక మళ్లీ అడగరు.

రెండో రోజు మధ్యాహ్నం, మా గంజాం జిల్లాలోనే ఉన్న బుగూడకు బయలుదేరాం. అసలు రాయాలనుకున్నది దీని గురించే.

బుగూడలోని బిరంచి నారాయణ గుడిని 1790లో ఘుముసర రాజు శ్రీకర భంజ కట్టించారు. ఏడు గుర్రాల రథం మీద సూర్యుడు ఉంటాడు, అరుణుడు సారథి. గుడి ముఖం పడమరకు. మండపంలో కొయ్య మీద చెక్కిన పని చూసి దీన్ని కొయ్య కోణార్క అంటారు. నా కళ్లు మాత్రం గర్భగుడి బయటి గోడలకు అతుక్కుపోయాయి. ఆ గోడల మీద రామాయణం రంగుల్లో ఉంది. కొన్నిచోట్ల పెచ్చులు ఊడి, మనిషికి కాళ్లుండి తల లేదు. కొన్నిచోట్ల ఒక కన్ను, ఒక విల్లు మాత్రం మిగిలాయి. మిగిలినచోట ఆ గీత ఎంత ధైర్యంగా ఉందో! ఎక్కడా తడబాటు లేదు.

మా ఆయన నేత కుటుంబంలో పుట్టారు. బరంపురంలో జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు, వాళ్ల వీధిలో పులివేషం కట్టినవాళ్ల వెంట తిరుగుతూ పెరిగారు. అందుకేనేమో, రంగు కనబడితే చాలు, అది దేంతో చేశారని అడుగుతారు. పూరీ దగ్గరి చిత్రకారుల ఊరు రఘురాజ్‌పూర్‌లో పటం (గుడ్డ మీద వేసిన బొమ్మ) కొన్నప్పుడు ఆ చిత్రకారుడు చూపించినవి అక్కడే నాకు మళ్లీ చెప్పారు. శంఖం నూరితే తెలుపు, దీపం మసి నలుపు, ఇంగిలీకం అనే రాయి ఎరుపు, హరిదళం అనే రాయి పసుపు, అన్నిటినీ పట్టి ఉంచడానికి వెలగ జిగురు. మేం కొన్న పటంలో మాయలేడికి రెండు తలలు. ఒకటి ముందుకు చూస్తుంది, ఒకటి వెనక్కి తిరిగి. ఒడిశా చిత్రకారులు దాన్ని అలాగే వేస్తారు. పారిపోతూనే వెంట వస్తున్నారో లేదో చూసుకునే లేడిని ఇంతకన్నా బాగా ఎవరు చూపించగలరు?

ఎండ వాలుతూ మండపంలోకి వచ్చింది. అప్పటిదాకా మసగ్గా ఉన్న ఒక ఎర్ర పంచె అంచు ఒక్కసారిగా తేటపడింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని అటు చూపించారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. హోటల్‌కి చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది, దారిలో ఆస్కాలో కొన్న అరటిపళ్లతో సరిపెట్టుకున్నాం.

మీరు వెళ్తే మూడు దాటాక వెళ్లండి. ఫ్లాష్ వెయ్యకండి. పిల్లలుంటే చెయ్యి పట్టుకునే ఉండండి, గోడ ముట్టనివ్వకండి. వేలు తగిలితే రాలిపోయేలా ఉన్నాయి ఆ బొమ్మలు.